పున్నమి సెలవు, మూడో తరగతి టికెట్టు

శ్రీలంకలో ఐదేళ్లపాటు ఆదివారం సెలవు లేదు. 1966లో అక్కడి ప్రభుత్వం శని, ఆదివారాల సెలవులు ఎత్తేసి చంద్రుడి లెక్క పట్టుకుంది. పున్నమి, అమావాస్య, ఆ రెంటి మధ్య వచ్చే రెండు అష్టములూ సెలవు రోజులయ్యాయి. ఒక వారం సెలవు మంగళవారం పడితే ఇంకో వారం బుధవారం పడేది. బయటి దేశాలతో లావాదేవీలు నడిపే బ్యాంకులకూ వ్యాపారులకూ అది పెద్ద చిక్కైంది. 1971లో మళ్లీ పాత పద్ధతికి వచ్చేశారు. పున్నమిని మాత్రం వదులుకోలేదు. ఇవాళ్టికీ అక్కడ ప్రతి పున్నమీ దేశమంతటికీ సెలవే. దాన్ని పోయ అంటారు.

ఏడాదికి పన్నెండు పోయలు, ఒక్కో ఏడు పదమూడు. ఆ రోజు మద్యం దుకాణాలు తెరవరు, మాంసం అమ్మరు. తెల్లబట్టలు కట్టుకుని గుడికి వెళతారు. ప్రతి పున్నమికీ ఒక పేరుంది, ఒక కథ ఉంది, చాలావాటికి వెళ్లి తీరాల్సిన ఒక ఊరు కూడా ఉంది. జనవరిలో దురుతు పోయకు కొలంబో పక్కనే ఉన్న కెలణియ. ఫిబ్రవరిలో నవమ్ పోయకు కొలంబో గంగారామయ దగ్గర ఏనుగుల ఊరేగింపు. మేలో వెసాక్, జూన్‌లో పొసోన్, ఆ తర్వాత క్యాండీ ఎసల ఉత్సవం. పోయ శుక్రవారమో సోమవారమో వచ్చిందంటే మూడు రోజుల సెలవు కలిసొచ్చినట్టే. ఆ ముందు సాయంత్రం కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో కాలు పెట్టడానికి చోటుండదు.

పర్యాటక ప్రకటనల్లో కనబడే శ్రీలంక సముద్రపు ఒడ్డు రిసార్టులది. ఆ దేశపు గుమస్తాలు, టీచర్లు, బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లలు తిరిగే శ్రీలంక వేరు. వాళ్ల విహారయాత్ర పండగతో ముడిపడి ఉంటుంది. ఖర్చు తక్కువ కావడానికి టికెట్టు చవక ఒక కారణమైతే, దారి పొడవునా యాత్రికుడికి అన్నం పెట్టి, పడుకోవడానికి చోటిచ్చే ఆచారం అంతకన్నా పెద్ద కారణం. అందుకే ఆ దేశాన్ని తక్కువ డబ్బుతో చూడాలనుకునేవాళ్లు హోటళ్ల ధరల కన్నా ముందు పున్నమి క్యాలెండరు చూడాలి.

ముందు రైలు సంగతి. 1864లో కొలంబో నుంచి అంబేపుస్స దాకా మొదటి బండి నడిచింది, 1867లో క్యాండీ చేరింది. కాఫీ, ఆ తర్వాత తేయాకు మోయడానికి బ్రిటిష్ వాళ్లు వేసిన లైను కొండలెక్కి 1924 నాటికి బదుల్ల దాకా పోయింది. ఎల్ల దగ్గర తొమ్మిది కమానుల వంతెన 1921 నాటిది. విదేశీ యాత్రికులు ఈ బండిలో రిజర్వు సీటు కోసం పోటీ పడతారు, అమ్మకం తెరిచిన కాసేపటికే అవి అయిపోతాయి. స్థానికులు ఆ జోలికే పోరు. బండి వచ్చేముందు స్టేషన్ కిటికీ దగ్గర మూడో తరగతి టికెట్టు కొనుక్కుని ఎక్కేస్తారు. నిలబడి ప్రయాణించడానికి సిద్ధపడితే చాలు, బండిలో చోటు లేదని వెనక్కి పంపరు. రెండు మూడు స్టేషన్లు దాటాక ఎవరో ఒకరు దిగుతారు, పిల్లలతో ఉన్నవాళ్లకు పక్కవాళ్లు జరిగి చోటిస్తారు. బుట్ట తలకెత్తుకుని వడలవాడు జనం మధ్యలోంచే దారి చేసుకుంటూ వస్తాడు. పప్పు వడ మీద తోకతో సహా రొయ్యను అద్ది వేయించిన ఇస్సో వడెకు గిరాకీ ఎక్కువ. దాన్ని చాలాసార్లు బడిపిల్లల పాత నోటుపుస్తకాల కాగితంలో చుట్టి, పైన ఉల్లిపాయ, మిరపకాయ ముక్కలు వేసి ఇస్తారు.

ఈ కొండ లైనుకు వానే శత్రువు. కొండచరియ విరిగిపడితే బండ్లు ఆగిపోతాయి. 2025 నవంబరు చివర వచ్చిన దిత్వా తుపాను ఈ మార్గాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. కాబట్టి ఎల్ల వైపు వెళ్లేవాళ్లు ఏ బండి ఎక్కడిదాకా నడుస్తోందో కనుక్కున్న తర్వాతే బయల్దేరాలి. రైలు లేనిచోటికి ఎర్ర రంగు ప్రభుత్వ బస్సు ఉంటుంది. మన ఆర్టీసీ బస్సెక్కినవాళ్లకు అందులో కొత్తగా తోచేది ఒకటే: ముందు సీట్లు భిక్షువులకు, మతగురువులకు కేటాయించి ఉంటాయి.

వెసాక్ నాడు రోడ్డు మీదికి వెళ్లి చూడాలి. బుద్ధుడి జననం, జ్ఞానోదయం, పరినిర్వాణం మూడూ ఒకే పున్నమి నాడు జరిగాయని నమ్మకం. బ్రిటిష్ పాలనలో ఈ పండగకు సెలవు కూడా ఉండేది కాదు. బౌద్ధులు పట్టుబట్టగా, అమెరికా నుంచి వచ్చిన కర్నల్ ఆల్కాట్ వాళ్ల తరఫున లండన్ దాకా వెళ్లి మాట్లాడగా, 1885లో సెలవు దక్కింది. ఇప్పుడది రెండు రోజుల సెలవు. వారం ముందు నుంచే ఇళ్లలో వెదురు బద్దలు చీల్చి, దారంతో బిగించి, పల్చటి రంగు కాగితం అతికించి లాంతర్లు చేస్తారు. కూడళ్లలో రెండు మూడు అంతస్తుల ఎత్తున తోరణాలు లేస్తాయి. ఒక్కో తోరణం మీద ఒక జాతక కథ, బొమ్మబొమ్మకీ చుట్టూ పరుగెత్తే వేలాది రంగుల బల్బులు. మైకులో కథ పాటగా వినబడుతుంటే జనం రోడ్డు మీదే నిలబడి చివరిదాకా చూస్తారు. దీనికి టికెట్టు లేదు.

తిండికీ డబ్బు లేదు. వెసాక్ రోజుల్లో వీధి వీధికీ దన్సలలు వెలుస్తాయి. అవి ఉచిత అన్నదానపు పందిళ్లు. పేటలోని కుర్రాళ్లు, ఆటోస్టాండు వాళ్లు, బ్యాంకు ఉద్యోగులు, మార్కెట్ వ్యాపారులు, ఎవరికి వారు చందాలేసుకుని పెడతారు. ఒకచోట అన్నం, పప్పు, రెండు కూరలు. ఇంకోచోట ఉడికించిన కర్రపెండలం ముక్కలు, పక్కన ఎండుమిర్చి కొబ్బరి పచ్చడి. మరోచోట తాలింపు శనగలు, నూడుల్స్, కాఫీ. ఐస్‌క్రీం దన్సల ముందు క్యూ మలుపు తిరిగి పక్క వీధిలోకి పోతుంది. హైవే మీదైతే కుర్రాళ్లు జెండాలు పట్టుకుని అడ్డంగా నిలబడి బస్సులనూ కార్లనూ ఆపుతారు. డ్రైవరు విసుక్కోడు, ఇంజను ఆపేస్తాడు. బస్సులోని నలభై యాభై మందీ దిగి తిని మళ్లీ ఎక్కాకే బండి కదులుతుంది.

ఇందులో మెచ్చుకోవాల్సింది క్రమశిక్షణ. దన్సల పెట్టేవాళ్లు ముందుగా ఆ ప్రాంతపు ఆరోగ్య కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. ప్రజారోగ్య ఇన్‌స్పెక్టర్లు వచ్చి నీళ్లు, వంట చేసే చోటు, వడ్డించేవాళ్ల శుభ్రత చూసి వెళతారు. క్యూలో బెంజికారులో వచ్చినాయనా, చెప్పుల్లేని ముసలమ్మా ఒకరి వెనక ఒకరు నిలబడతారు. నువ్వెవరు, ఏ మతం అని ఎవరూ అడగరు. తెలుగు యాత్రికుడు వెళ్లినా అంతే, వరసలో నిలబడితే పళ్లెం చేతికి వస్తుంది. మన తిరుమల అన్నప్రసాదం, సమ్మక్క జాతర దారిలో దాతలు పెట్టే మజ్జిగ చూసినవాళ్లకు ఈ మర్యాద అర్థమవుతుంది. శ్రీలంకలో ఆ పని రెండు మూడు రోజులపాటు దేశంలో సగం వీధులు చేస్తాయి.

ఈ ఆచారం ఎంత గట్టిదో ఇటీవలి కాలమే పరీక్షించింది. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ నాడు చర్చిల్లో, హోటళ్లలో బాంబులు పేలాయి. నాలుగు వారాలకే వచ్చిన వెసాక్ భయం మధ్య గడిచింది. 2020, 2021లో కోవిడ్ జనాన్ని ఇళ్లలో కూర్చోబెట్టింది. 2022 ఏప్రిల్‌లో దేశం విదేశీ అప్పు కట్టలేనని చేతులెత్తేసింది. పెట్రోలు బంకుల ముందు రోజుల తరబడి వరసలు, వంటగ్యాస్‌కు కటకట. ఆ మే నెలలో గొడవలతో పెట్టిన కర్ఫ్యూను వెసాక్ కోసం సడలించాల్సి వచ్చింది. సెప్టెంబరుకల్లా ద్రవ్యోల్బణం 70 శాతం దాకా పోయింది. వరసగా నాలుగు వెసాక్‌లు అలా దెబ్బతిన్నాక కూడా దన్సలలు తిరిగి వచ్చాయి. చేతిలో డబ్బు తగ్గిన కుటుంబాలకు ఆ రెండు రోజుల షికారు అంతకుముందుకన్నా ఎక్కువ విలువైనదైంది.

ఖర్చు లేకుండా జరిగే మరో పెద్ద యాత్ర శ్రీపాద. 2,243 మీటర్ల కొండ. శిఖరం మీద ఉన్న పాదముద్ర బుద్ధుడిదని బౌద్ధులు, శివుడిదని హిందువులు, ఆదాముదని ముస్లింలు నమ్ముతారు. సెయింట్ థామస్‌దని చెప్పే క్రైస్తవులూ ఉన్నారు. డిసెంబరు పున్నమితో మొదలై మే నెల వెసాక్‌తో యాత్రా కాలం ముగుస్తుంది. కొలంబోలో రైలెక్కి హట్టన్‌లో దిగి, బస్సులో మస్కేలియ మీదుగా నల్లతన్నియ చేరతారు. అక్కడి నుంచి దాదాపు 5,500 మెట్లు. రాత్రి పూట ఎక్కి సూర్యోదయానికి పైకి చేరడం ఆనవాయితీ. ఆ ఆరు నెలలూ దారంతా దీపాలు వెలుగుతాయి. కింది నుంచి చూస్తే కొండ మీద వెలుగు గీత గీసినట్టుంటుంది. దారిలో టీ అంగళ్లు, వేడి వేడి రొట్టెలు, స్వెటర్లు, మంకీ క్యాపులు అమ్మేవాళ్లు. కింద ఉక్కపోసిన మనిషి పైన చలికి వణుకుతాడు కాబట్టి ఆ క్యాపులకు బేరం బాగానే ఉంటుంది.

ఇక్కడి మర్యాదలు చూడదగ్గవి. యాత్రికులు గుంపుగా వస్తే అనుభవమున్న ఒకరు నాయకుడిగా ఉంటారు. ఎవరు ఎక్కడ ఆగాలో, ఎక్కడ స్నానం చేయాలో ఆయన చెప్పిందే మాట. తొలిసారి వచ్చినవాళ్లు ఒకచోట సూదీ దారం సమర్పించాలి. బుద్ధుడు అక్కడ ఆగి చీవరం కుట్టుకున్నాడని కథ. అందువల్ల ఆ మలుపు దగ్గర చెట్టుకొమ్మల మీద తెల్లదారాలు దట్టంగా అల్లుకుపోయి ఉంటాయి. శిఖరం మీద గంట ఉంది. ఎవరు ఎన్నోసారి ఎక్కారో అన్నిసార్లు మోగించాలి. కుర్రాళ్లు ఒకటి రెండుసార్లు కొట్టి పక్కకు జరుగుతారు. మనవడి భుజం పట్టుకుని వచ్చిన ఏ అవ్వో ఆపకుండా మోగిస్తూ ఉంటే చుట్టూ ఉన్నవాళ్లు లెక్కపెడతారు. తెల్లవారాక కొండ నీడ పడమటి వైపు మంచు మీద పదునైన త్రికోణంలా పరుచుకుంటుంది. వారాంతంలో, అందులోనూ పోయ రాత్రి, జనం ఇరుక్కుని చివరి మెట్ల దగ్గర గంటల తరబడి నిలబడిపోతారు. నడివారంలో వెళ్లగలిగితే అదే మేలు.

క్యాండీ ఉత్సవానికి మనతో నేరుగా చుట్టరికం ఉంది. 1739లో క్యాండీ రాజవంశంలో వారసుడు లేకపోతే సింహాసనం రాణి సోదరుడికి దక్కింది. రాణి పుట్టింటివాళ్లు మదురై నుంచి వచ్చిన, తెలుగు మూలాలున్న నాయక్కర్లు. ఆ వంశంలో రెండోవాడైన కీర్తి శ్రీ రాజసింహ 1747 నుంచి 1782 దాకా పాలించాడు. శైవ సంప్రదాయంలో పుట్టినా సియాం నుంచి భిక్షువులను రప్పించి, ఆగిపోయిన ఉపసంపద దీక్షను 1753లో తిరిగి నిలబెట్టాడు. అంతవరకూ ఎసల ఊరేగింపు దేవుళ్లది. బుద్ధుడి దంతధాతువు (పన్ను) ఉన్న ఊళ్లో బుద్ధుడి ఊసు లేని ఉత్సవమా అని సియాం భిక్షువులు బాధపడితే, దంతధాతువు ముందు, దేవుళ్లు వెనక నడిచేలా ఆయన ఏర్పాటు చేశాడని చెబుతారు. ఇప్పటికీ అదే వరస: దంతధాతువున్న దలదా మందిరం, ఆ తర్వాత నాథ, విష్ణు, కతరగమ, పత్తిని దేవాలయాలు. ఆ వంశపు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహను 1815లో బ్రిటిష్ వాళ్లు గద్దె దింపి వెల్లూరు కోటకు పంపేశారు. 1832లో ఆయన అక్కడే చనిపోయాడు. పాలారు ఒడ్డున ముత్తుమండపంలో సమాధి ఉంది. చిత్తూరు వైపు నుంచి వెల్లూరు ఆసుపత్రికి వెళ్లే తెలుగువాళ్లెందరో దాని దాపులనుంచే వెళ్లి వస్తుంటారు.

ఊరేగింపు పది రాత్రులు. ముందు ఐదు కుంబల్, తర్వాత ఐదు రందోలి. కొరడాలు ఝళిపించేవాళ్లు ముందు నడుస్తారు. ఎండుకొబ్బరి మండే కాగడాల వాసన, డప్పుల మోత, దీపాల వస్త్రాలు కప్పిన ఏనుగులు వరసగా వస్తాయి. ధాతువు పేటిక మోసే దంతపుటేనుగు కాలికింద తెల్లబట్ట పరుస్తారు. ఏళ్లపాటు ఆ పేటిక మోసిన నదుంగమువె రాజా అనే ఏనుగు మైసూరు నుంచి కానుకగా వచ్చినది. 2022 మార్చిలో చనిపోతే దేశమంతా సంతాపం పాటించింది. రద్దీలో ఏనుగులు బెదిరి జనం గాయపడ్డ సందర్భాలున్నాయి, వాటి సంక్షేమం గురించి అడిగేవాళ్ల గొంతు ఏటేటా పెరుగుతోంది. ఆ ప్రశ్న అడగాల్సిందే.

చూడటానికి బాల్కనీల్లో కుర్చీలను భారీ ధరకు అమ్ముతారు. స్థానికులు మధ్యాహ్నానికే వచ్చి పేవ్‌మెంటు మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, అన్నం పొట్లాలు విప్పుకుని, రాత్రి దాకా కూర్చుంటారు. చివరి రాత్రులకు గది అద్దెలు చుక్కలంటుతాయి. కుంబల్ రాత్రుల్లో వస్తే జనం పలుచగా ఉంటారు, గదులూ అందుబాటులో ఉంటాయి. ఊరేగింపు కాస్త చిన్నదే, దగ్గరగా చూడొచ్చు.

రెండు వర్షాకాలాల దేశం కావడం పొదుపరికి మరో వరం. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి కొలంబో, గాలె వైపు తడుపుతుంటే తూర్పున ట్రింకోమలీలో ఎండ కాస్తుంది. డిసెంబరు, జనవరిలో తూర్పు తడుస్తుంది, దక్షిణ తీరం పొడిగా ఉంటుంది. ఎప్పుడు వెళ్లినా ఒక ఒడ్డు ఖాళీగా దొరుకుతుంది. కొలంబో నుంచి ట్రింకోమలీకి రాత్రి రైలుంది. జూలై, ఆగస్టుల్లో ఉత్తరాన జాఫ్నాలో నల్లూరు కందస్వామి గుడి ఉత్సవాలు ఇరవై ఐదు రోజులు జరుగుతాయి. మగవాళ్లు చొక్కా విప్పి లోపలికి వెళ్లాలి. అంతర్యుద్ధంలో 1990లో తెగిపోయిన జాఫ్నా రైలు 2014లో భారత్ సాయంతో తిరిగి కూత పెట్టాక సింహళ కుటుంబాలు కూడా వారాంతాల్లో నల్లూరు చూసి వస్తున్నాయి. ఒక రైలు టికెట్టు చేసిన మంచి పనుల్లో దీన్ని ముందు చెప్పుకోవాలి. ఏప్రిల్ నడిమి కొత్త సంవత్సరం సెలవుల్లో మాత్రం కొండల్లోని నువర ఎలియ వైపు పోకపోవడమే మంచిది. అప్పుడక్కడ ధరలు సామాన్యుడికి అందవు.

తక్కువ ఖర్చులో ఎక్కువ చూడాలంటే పొసోన్‌ను మించింది లేదు. అశోకుడి కుమారుడు మహిందుడు మిహింతలె కొండ మీద దేవానంపియ తిస్స రాజును కలిసిన పున్నమి అది. కొలంబో నుంచి ప్రత్యేక రైళ్లు, బస్సులు వేస్తారు. అనురాధపురంలో యాత్రికులు విశ్రాంతి శాలల్లో, బడుల్లో, చెట్లకింద పడుకుంటారు. ఆ బౌద్ధ బంధం మన గడ్డనూ తాకింది. 3వ శతాబ్దంలో నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేదని, అందులో బోధివృక్షానికి బోధిసిరి అనే ఉపాసిక గుడి కట్టించిందని అక్కడి శాసనం చెబుతోంది. అదే అనురాధపురం జిల్లాలో, తంబుత్తేగమ దగ్గర కుడాగమలో ఇప్పటికీ తెలుగు మాట్లాడే అహికుంటికలు ఉన్నారు. పాములాడిస్తూ, చెయ్యి చూసి జాతకం చెబుతూ ఊరూరూ తిరిగిన సంచారులు. ఉత్సవాల జనం మీదే వాళ్ల బతుకు చాలాకాలం సాగింది.

భారత రూపాయికి శ్రీలంక రూపాయలు మూడుకు పైనే వస్తాయి. సిగిరియ రాతికోట లాంటి చోట్ల విదేశీయుల టికెట్టు ఖరీదైనదే. పక్కనున్న పిదురంగల కొండకు చిన్న రుసుముతో ఎక్కి సిగిరియను ఎదురుగా చూడొచ్చు. గుళ్లకు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు, తెల్లవైతే మరీ మంచిది. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగకూడదు, దాన్ని అక్కడ అపచారంగా చూస్తారు. పొసోన్‌కు వెళితే దుప్పటి, నీళ్ల సీసా, ఒక జత సాక్సులు సంచిలో ఉండాలి. మిహింతలెకు 1,840 మెట్లు, పై ప్రాంగణంలో చెప్పులు విప్పాలి, మిట్టమధ్యాహ్నం రాయి అరికాలు కాలుస్తుంది. తెల్లవారకముందే ఎక్కడం మొదలుపెడితే ఎండ ముదిరేలోపు దిగిపోవచ్చు. ఆ వేళకు కింద దన్సలలో వడ్డన మొదలై ఉంటుంది.